ఎడారి దారి, కడలి దారి



సహారా యను పేరు వినగనే మన మనస్సున మెదలు చిత్రమొక్కటే: అంతులేని యిసుక, నెత్తిమీద సూర్యుడు, దూరమున ఒంటెల బారు. ఆ చిత్రము కల్ల కాదు గాని చాల కొంచెము. దాదాపు 92 లక్షల చదరపు కిలోమీటర్ల ఆ మరుభూమిలో ఇసుకతిన్నెలున్నది సుమారు నాలుగవ వంతు మాత్రమే. తక్కినదంతయు రాతిబయళ్లు, గులకనేలలు, నల్లని కొండలు, ఎండిన యేటిదారులు. దాని పడమటి యంచున అట్లాంటికు మహాసముద్రము. నీరు లేని నేలయు, త్రాగ వీలులేని నీరును అచ్చట ఎదురెదురుగా నిలిచియున్నవి. ఆ రెంటిని చుట్టివచ్చు యాత్ర యొకటి మారిటానియా దేశమున కలదు. దానిని గూర్చి మన సోదరీమణులకు కొంత తెలుపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మేము ఆ దారి త్రొక్కినవారము కాము. భూపటమును, యాత్రికుల వ్రాతలను ముందిడుకొని, ఇల్లు నడుపు స్త్రీకి సహజమైన లెక్కతో, అనగా నీరెంత, తిండి యెంత, రాత్రి పడక యెచ్చట, ఒకరికి జబ్బు చేసిన దిక్కెవరు అను లెక్కతో, ఆ యాత్రను పరిశీలించితిమి. అట్లు చూడగా మాకు బోధపడిన సంగతి యొకటి కలదు. లోకులు దీనిని సాహసయాత్ర యందురు. కాని యిందు ప్రాణము నిలుపునది తెలిసినవాని మాట వినుటయే.

మారిటానియా వైశాల్యమున మన ఆంధ్ర, తెలంగాణములు రెండును కలిపిన దానికి నాలుగు రెట్లకు కొంచెము తక్కువ; జనము మాత్రము 50 లక్షల ప్రాంతము. 1960 నవంబరు 28వ తేదీన ఆ దేశము ఫ్రెంచివారి పాలన నుండి స్వతంత్రమైనది. రాజధానియగు నువాక్షోత్ అంతకు కొన్ని యేండ్ల ముందు తీరమునందలి చిన్న పల్లె. నేడు పది లక్షలకు పైబడిన జనము గల నగరము. యాత్రికులు అచ్చట దిగి, మార్గదర్శిని కుదుర్చుకొని, నాలుగు చక్రములును లాగునట్టి మోటారుబండ్లలో బయలుదేరుదురు. నవంబరు మొదలు మార్చి వరకు అనువైన కాలము. వేసవిని లోపలి సీమలలో వేడిమి 45 డిగ్రీలను దాటును. శీతకాలపు రాత్రులందు కంబళి లేనిదే నిద్ర పట్టదు.

బయలుదేరుటకు ముందు మార్గదర్శి చేయు మొదటి పని నీళ్ల లెక్క. త్రాగుటకే మనిషికి రోజునకు ఐదు లీటర్లకు తక్కువ కాకుండ పెట్టుకొని, బండి చెడి నిలిచిపోవు దినములకై మరికొంత చేర్చును. ఆ నీటిని ఒకే పాత్రయందు పోయడు. పలు డబ్బాలకెత్తి వేరువేరు బండ్లలో సర్దును. ఒకటి పగిలినను తక్కినవి నిలువవలెను గదా! ఏడాది ఊరగాయను ఒకే జాడీలో పెట్టని మన అత్తగార్లకు ఈ తెలివి క్రొత్త కాదు. ఇసుకలోనికి దిగునప్పుడు చక్రములలోని గాలి తగ్గించును. అప్పుడవి వెడల్పుగ పరచుకొని, ఒంటెపాదమువలె దిగబడక సాగును. తెల్లవారుజామున యిసుక చల్లబడి గట్టిగ నుండును గనుక కష్టమైన తిన్నెలను ప్రొద్దుననే దాటించును. నెలవంక యాకారము గల తిన్నెల కొమ్ములు గాలి పోవు దిక్కునకే తిరిగియుండును. పగలు వానినిబట్టి, రాత్రి ధ్రువనక్షత్రమునుబట్టి దిక్కులెరుగును. ఉపగ్రహముల సాయముతో దారి చూపు యంత్రము చేతనున్నను, ఏ బావిలో నీరున్నది, ఏ బావి పూడినది యను వార్త ఎదురుపడిన ఒంటెలకాపరి నడిగి తెలిసికొనవలసినదే.

ఇచ్చట భారతము చదివినవారికి ఉదంకముని కథ జ్ఞప్తికి రాకపోదు. తలచినప్పుడు నీరు లభించునట్లు శ్రీకృష్ణునివలన వరము పొందిన ఆ ముని, మరుభూమిలో దప్పిగొని ఆయనను తలచెను. కుక్కలు వెంటరాగా వేటకాడొకడు ఎదురై నీరు త్రాగుమనెను. వాని వేషమును చూచి ముని రోసి త్రోసివేసెను. వచ్చినవాడు ఇంద్రుడనియు, తెచ్చినది అమృతమనియు తరువాత తెలిసినది. ఎడారిలో నీరిచ్చువాని కులమును, రూపమును విచారించువాడు దప్పితోనే మిగులును.

నువాక్షోత్‌నకు ఈశాన్యముగా 430 కిలోమీటర్ల పైచిలుకు దూరమున అద్రార్ అను కొండసీమయు, దాని ముఖ్యపట్టణమగు అతార్‌ను ఉన్నవి. అతార్ చేరుటకు ముందు ఒక కొండగండిలో తెర్జిత్ అను నీటిపట్టు తగులును. రాతిగోడల నుండి నీరు బొట్లుబొట్లుగా రాలుచుండును. అడుగున ఊట పారును. ఖర్జూరపుచెట్లు నీడ పట్టును. జూలై, ఆగస్టు మాసములందు పండ్లకోత కాలమున, పట్టణములకు పోయిన కుటుంబములు సైతము ఇట్టి తోటలకు తిరిగివచ్చి కొన్నాళ్లు గడుపుదురు. ఆ దినములకు గెత్నా యని పేరు. మనకు సంక్రాంతికి పుట్టిల్లు చేరుట యెట్టిదో వారికది యట్టిది.

అతార్‌నకు తూర్పున కనుమ దాటిన షింగెట్టి. సహారాను దాటు వర్తకుల బిడారులకును, మక్కాకు పోవు యాత్రికులకును ఇది పూర్వము కూడలి. రాతితో కట్టిన ప్రాత మసీదును, నలుపలకల గోపురమును, దాని కొనలయందమర్చిన నిప్పుకోడి గ్రుడ్లును నేటికిని ఉన్నవి. 1996లో యునెస్కో సంస్థ షింగెట్టి, వదాన్, తిషిత్, వలాతా యను నాలుగు ప్రాతపట్టణములను ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చినది.

షింగెట్టివారి నిజమైన ధనము వ్రాతప్రతులు. ఖురాను, ధర్మశాస్త్రము, వ్యాకరణము, గణితము, జ్యోతిశ్శాస్త్రము, కవిత్వము మొదలగు విషయములపై శతాబ్దముల క్రిందట వ్రాయబడిన గ్రంథములు కొన్ని కుటుంబముల యిండ్లలో తరతరములుగ నిలిచియున్నవి. చెదపురుగు, ఎప్పుడో వచ్చు వాన, ఎల్లప్పుడు వచ్చు ఇసుక వానికి శత్రువులు. ఇసుక ప్రాతయూరి వీధులలో చొరబడి కొన్ని యిండ్లను పూడ్చినది. బ్రదుకుతెరువు వెదకుకొనుచు పలువురు పట్టణములకు తరలిపోయిరి. అట్లు తరలునప్పుడు తాతలనాటి పుస్తకములను వెంటగొనిపోవుటయా, పుట్టినచోటనే విడుచుటయా యనునది ఆ యిండ్లవారికి కఠినమైన ప్రశ్న. మన యటకలమీద తాళపత్రముల కట్టలు చెదలకెరయగుట చూచిన సోదరీమణులకు ఆ ప్రశ్న బరువు వేరుగ చెప్పనక్కరలేదు.

వదాన్ చెంత రిషాత్ అను వింత కలదు. సుమారు 40 కిలోమీటర్ల వెడల్పున రాతివలయములు ఒకదానిలో నొకటి ఇమిడియుండును. నేల నడుమ దానిమీద నిలుచున్నవానికి అది కొండచరియలుగనే తోచును. ఆకాశమునుండి చూచిన ముగ్గు వేసినట్లుండును. ఆకాశమునుండి రాలిన శిల చేసిన గుంటయని ఒకప్పుడు తలచిరి. భూమి పొరలు లోపలినుండి ఉబ్బి, పిదప అరిగిపోగా ఏర్పడినదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆ సీమకు దూరముగ, తూర్పున నున్న ఘోరమైన ఇసుకభూమిలో, 1964లో తెయొడోర్ మొనో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఒక బిడారు విడిచిపోయిన బరువులను కనుగొనెను: వేలకొలది ఇత్తడి కడ్డీలు, వానితో గవ్వలు. దాచినవారు దాదాపు తొమ్మిదివందల యేండ్లుగ వానికై మరలి రాలేదు. ఆ గవ్వల జాతి హిందూమహాసముద్రపు వైపు పుట్టునది. మన పిల్లలు పచ్చీసాడు గవ్వలవంటివి అంతదూరము నాణెములుగ ప్రయాణముచేసి, దారి తప్పినవారి చేతులనుండి జారి, ఇసుకలో నిలిచిపోయినవి.

రాత్రి బస గుడారమున. మూరుల యాచారమున గుడారము ఇల్లాలిదిగా నెంచబడుచు వచ్చినది. మేకవెండ్రుకలతోను, ఒంటెవెండ్రుకలతోను పట్టీలు నేసి కుట్టునది స్త్రీలే. వారు ధరించు మెల్హఫా మన చీరవలె కుట్టులేని నిడుపాటి ఏకవస్త్రము, తలమీదుగా చుట్టుకొందురు. అతిథికి మూడు గ్లాసుల తేనీరు ఒకదాని తరువాత నొకటి ఇత్తురు. పచ్చతేయాకు, పుదీన, పంచదార చేర్చి, ఎత్తునుండి పోసి నురుగు తేర్చుదురు. మూడవది పుచ్చుకొనక లేచుట మర్యాద కాదు. ఈ తేనీటి వేళనే మార్గదర్శి రేపటి దారిని గూర్చి గుడారపువారి నడిగి తెలిసికొనును.

అద్రార్ విడిచి కడలివైపు మరలిన, షూమ్ అను చోట ఇనుపఖనిజపు రైలుదారి తగులును. గనులుగల జువెరాత్ నుండి నువాదిబూ రేవు వరకు 704 కిలోమీటర్ల ఈ దారిపై 1963 నుండి బండ్లు నడచుచున్నవి. ఒక్కొక్క బండి రెండు కిలోమీటర్లకు మించిన పొడవుండును. నువాదిబూకు ఉత్తరమున, 1970 తరువాతి పశ్చిమసహారా యుద్ధమున పాతిన మందుపాతరలు నేలలో మిగిలియున్నవి. అచ్చట మార్గదర్శి చూపిన చక్రపుజాడ దాటి అడుగు వేయుట మృత్యువును పిలుచుటయే.

నువాదిబూకు దక్షిణమున ఆర్గిన్ తీరము. 1976లో రక్షితవనముగను, 1989లో ప్రపంచ వారసత్వముగను ప్రకటింపబడినది. సుమారు 12,000 చదరపు కిలోమీటర్లలో సగము నేల, సగము లోతులేని సముద్రము. చల్లని నీరు అడుగునుండి పైకి వచ్చుటవలన ఆ తీరమున చేపలు సమృద్ధి. మన పులికాటు సరస్సునకు శీతకాలమున విదేశపు పక్షులు వచ్చునట్లు, ఇచ్చటికి ఉత్తరఐరోపా, సైబీరియా, గ్రీన్‌లాండుల నుండి 20 లక్షలకు పైగా పక్షులు చేరును. ఇమ్రాగెన్ అను బెస్తలు తెరచాప పడవలతోనే అచ్చట చేపలు పట్టుదురు; యంత్రపు పడవలతో వేట నిషిద్ధము. పూర్వము వారు కర్రలతో నీటిని కొట్టగా, డాల్ఫిన్లు చేపలగుంపులను వలలవైపు తరిమెడివి. పట్టిన చేపను ఎండబెట్టుట, నూనె తీయుట, గ్రుడ్లను ఉప్పులో ఊరవేయుట స్త్రీల పని.

ఇచ్చటినుండి నువాక్షోత్‌నకు తారురోడ్డు పడినది 2005 ప్రాంతమున. అంతకుముందు బండ్లు సముద్రపుటొడ్డు వెంబడి, ఆటు సమయమున తడియిసుకపై పరుగెత్తెడివి; నేటికిని యాత్రికులు కొంతదూరమట్లు పోవుట కలదు. ఒకప్రక్క తిన్నెలగోడ, మరియొకప్రక్క అలలు. పోటు వచ్చులోపల బయటపడనిచో బండి కడలిపాలు. ఆ గడియ నెరిగినవాడు తొందరపెట్టినప్పుడు, గవ్వలేరుకొనుటకు ఇంకొక నిమిషమడుగరాదు.

మాట వినని నాయకుని కథకును ఈ తీరమే సాక్షి. 1816 జూలై 2వ తేదీన మెదూజ్ అను ఫ్రెంచి యుద్ధనౌక ఆర్గిన్ ఇసుకమేటపై చిక్కినది. దాని నాయకుడు ఇరువదియేండ్లుగ ఓడ నడిపి యెరుగడు. రాజానుగ్రహమున పదవి పొందినవాడు. తోటి యధికారుల హెచ్చరికలను త్రోసివేసెను. పడవలు చాలక 147 మందిని తెప్పపై దింపి, లాగుచున్న త్రాళ్లను విడిచిరి. పదమూడు దినముల పిదప ఆ తెప్పపై మిగిలినవారు పదునైదుగురు.

పడవలలో తీరము చేరినవారిలో షార్లొత్ పికార్ అను యువతియు, ఆమె కుటుంబమును ఉండిరి. వారు మండుటిసుకపై నడచి, మూరులు దారిచూపి నీరియ్యగా సెనెగల్‌లోని సాన్ లూయీ చేరిరి. ఆమె 1824లో తన యనుభవములను గ్రంథముగ ప్రకటించినది. సాన్ లూయీలో పాఠశాల నడిపిన జాన్ దార్ అను ఉపాధ్యాయుని వివాహమాడినది. మాదియు బడిపంతులు గృహమే గనుక ఈ సంగతి మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది. ఓడకు అధిపతియైనవాడు ముంచిన జనులను, అనాగరికులని నిందింపబడిన కాపరులు ఒడ్డుచేర్చిరనుటకు ఆ కుటుంబమే దృష్టాంతము.

ఆ కాపరుల సంతతివంటివారికి యాత్రికులే నేడొక బ్రదుకుతెరువు. 2007 డిసెంబరులో దక్షిణమారిటానియాలో నలుగురు ఫ్రెంచి యాత్రికులు హత్యగావింపబడిరి. 2008 నాటి డకార్ మోటారుపందెము ఆగిపోయెను. యాత్రికులు రాక మానగా అద్రార్‌లో ఒంటెలవారు, బసలవారు పెక్కేండ్లు దిక్కుతోచక యుండిరి. 2017 చివర పారిసు నుండి అతార్‌కు విమానములు మరల వచ్చినవి.

నేడు మన తెలుగు స్త్రీలును దూరదేశములకు గుంపులుగ కూడి పోవుచున్నారు. అట్టివారిలో ఎవరైన ఈ దారి పట్టదలచినయెడల, ముందుగ అడుగవలసిన ప్రశ్నలివి: మార్గదర్శి ఆ సీమలో పుట్టిపెరిగినవాడా? బండ్లు రెండైనను ఉన్నవా? నీరు ఎన్ని పాత్రలలో సర్దుదురు? పోటు ఏ గడియకు వచ్చును? ఒకరు జబ్బుపడిన ఏ యూరికి, ఎంతసేపటిలో చేర్చుదురు? వీనికి తడుముకొనక బదులు చెప్పువాడు దొరకిన పిదపనే, టిక్కెట్టు కొనవలెను.