పల్లేరుకాయకు వచ్చిన పేరు

గూడూరు నుంచి ఎమ్మిగనూరు మీదుగా ఆదోని దాకా ఏ చేనిగట్టు చూసినా నేలను కరుచుకుని పాకే పల్లేరు కనిపిస్తుంది. అయిదు రేకుల పసుప్పచ్చ పువ్వు, ఎండితే అయిదు ముక్కలయ్యే ముళ్లకాయ. చెప్పుల్లేకుండా గొర్రెల వెంట తిరిగినవాళ్లకు దీన్ని వేరే పరిచయం చెయ్యాలా! అరిజోనా, కాలిఫోర్నియాల్లో ఉన్నవాళ్లకు సైకిల్ ట్యూబులో దిగబడి మళ్లీ ఎదురయ్యే ఉంటుంది. అక్కడ గోట్‌హెడ్ అంటారు. దాని పీడ తగ్గించుకోవడానికి 1961లో ఇటలీ నుంచి ముక్కుపురుగులను తెప్పించి మరీ వదిలారు.

అదే అమెరికాలో ఇదే కాయ సారాన్ని ట్రిబ్యులస్ పేరుతో మగతనం పెంచే మాత్రగా అమ్ముతున్నారు, చైనా ప్రాచీన వైద్యం పేరు కూడా తగిలించి. చైనా వైద్యులు దీన్ని వాడేమాట నిజమే. వాళ్లకిది బై జీ లీ. అయితే ఇచ్చేది తలతిరుగుడుకు, కళ్ల ఎరుపుకు, ఒంటి దురదకు. పడకగది సమస్యకు వాళ్లు తీసే ఆకు వేరు, యిన్ యాంగ్ హువో. అందులోని ఇకారిన్ వయాగ్రా దారిలోనే, కానీ దానికన్నా చాలా బలహీనంగా పనిచేస్తుందని ప్రయోగశాలల్లో చూశారు. మనుషుల మీద మాత్రం గట్టి రుజువు లేదు.

మన ఆయుర్వేదంలో పల్లేరు గోక్షురం, దశమూలాల్లో ఒకటి. చరక సంహిత దీన్ని మెచ్చుకున్నది ముఖ్యంగా మూత్రకృచ్ఛ్రానికి, అంటే మూత్రం కష్టంగా రావడానికి. మగతనం పెంచే వాజీకరణ యోగాల్లోనూ పడుతుంది గానీ, సాధారణంగా ఒంటరిగా కాదు. ఇక ఏనుగుపల్లేరు వేరే మొక్క. పచ్చికొమ్మను నీళ్లలో కాసేపు తిప్పితే నీళ్లు గుడ్డులోని తెల్లసొనలా జిగటగా సాగుతాయి. మూత్రంలో మంటకు ఆ నీళ్లు తాగించడం పాత అలవాటు. పచారీ కొట్టులో 'పల్లేరు' అని అడిగితే రెండింటిలో ఏది పొట్లం కడతారో చెప్పలేం.

మరి ఈ మగతనం కీర్తి ఎక్కడిది? ఎక్కువ భాగం బల్గేరియాది. 1980లలో అక్కడి ట్రైబెస్టాన్ మాత్ర వ్యాయామశాలల ద్వారా ప్రపంచమంతా పాకింది. టెస్టోస్టిరాన్ పెంచుతుందన్నారు. 2005లో అదే దేశంలో 21 మంది ఆరోగ్యవంతులైన యువకులకు నాలుగు వారాలు పరీక్ష పెడితే హార్మోను పెరగలేదు. 2017లో 180 మందిపై వచ్చిన మరో అధ్యయనంలో అంగస్తంభన కొంత మెరుగైంది. కాబట్టి బొత్తిగా కొట్టిపారెయ్యలేం, సీసా మీది మాటలూ నమ్మలేం.

నాకు భయం పల్లేరుతో కన్నా సీసాతో. ఇలాంటి 'మూలికా' మాత్రల్లో చెప్పకుండా కలిపిన సిల్డెనాఫిల్, అంటే వయాగ్రాలోని మందే, దొరికిందని అమెరికా ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు హెచ్చరించింది. గుండెనొప్పికి నైట్రేట్ మాత్ర వేసుకునేవారికి ఆ కల్తీ ప్రాణాంతకం. పైగా నలభై దాటాక అంగస్తంభన సమస్య తరచూ షుగరుకో, రక్తనాళాలు పూడుకుపోవడానికో తొలి సూచన. మాత్ర కొనేముందు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. ఇప్పటికే వాడుతుంటే డాక్టరు ముందు సిగ్గుపడకుండా ఆ సీసా బల్లమీద పెట్టండి.