మోటారుబండి త్రోవలో నిలుచుట: కారణము వెదకు క్రమము

పెట్రోలు ఇంజను తిరుగుటకు ముఖ్యముగా మూడు కావలయును: గాలితో కలిసిన పెట్రోలు ఆవిరి, సిలిండరులో దానిని అదిమిపట్టు ఒత్తిడి, తగిన క్షణమున దానిని అంటించు నిప్పురవ్వ. వీనిలో ఒత్తిడి ఒక్కసారిగా పోవుట అరుదు. కావున త్రోవలో నిలిచిన బండిని చూచి మొదట అడుగవలసిన ప్రశ్న యిది: లోపము నిప్పునందా, పెట్రోలునందా?

నిలిచిన తీరు కొంత తెలుపును. దీపము ఆర్పినట్లు ఒక్క క్షణమున ఆగినచో నిప్పును శంకింపవలయును. దగ్గుచు, కుదుపులతో బలము తగ్గుచు ఆగినచో పెట్రోలును శంకింపవలయును. అయినను ఇది సూచనయే. నిశ్చయము పరీక్షవలననే కలుగును.

2014వ సంవత్సరము వరకు పశ్చిమ బంగాళములోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు బండిని ఉదాహరణముగా గైకొందము. దాని పాత పెట్రోలు ఇంజనులో బ్యాటరీ యొక్క 12 వోల్టుల విద్యుత్తు కాయిలులోనికి పోవును. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు విడివడిన క్షణమున కాయిలునందు వేలకొలది వోల్టులు పుట్టి, ప్లగ్గు కొనయందు రవ్వగా దుముకును. పాయింట్ల నడిమి యెడము సుమారు 0.4 మిల్లీమీటరు మాత్రమే. అవి మాడినను, ఎడము మూసికొనినను, మూతలోనికి వాన తేమ చేరినను రవ్వ సన్నగిల్లును.

పరీక్ష యిట్లు చేయుదురు. ప్లగ్గును ఊడదీసి, తీగె తగిలించి, రంధ్రమునకు దూరముగా ఇంజను లోహమునకు ఆనించి, ఇంజనును త్రిప్పింతురు. తీగెను వట్టిచేత పట్టరాదు. చెంత పెట్రోలు ఒలికియుండరాదు. ప్లగ్గు పెట్రోలుతో తడిసి, రవ్వ రానిచో నిప్పు లోపించినది. రవ్వ బలముగా వచ్చుచు, ప్లగ్గు పొడిగా నున్నచో పెట్రోలు చేరుటలేదు.

వేసవిలో కొన్ని బండ్లు చాల దూరము నడచి ఆగి, చల్లారిన పిమ్మట మరల నడచును. కాయిలులోని తీగె వేడిచేత సంబంధము కోల్పోయి యుండవచ్చును. లేదా గొట్టములో పెట్రోలు మరిగి ఆవిరియై ప్రవాహము నడ్డియుండవచ్చును. చల్లారినపుడు పరీక్షించినచో రెండును నిర్దోషములుగనే కనబడును. కావున దోషమున్న వేళనే పరీక్షింపవలయును.

నేటి బండ్లలో పాయింట్లకు బదులు సెన్సారులును కంప్యూటరును గలవు. వీనిలో విద్యుత్తు మిక్కిలి తీవ్రము గనుక పై పరీక్షను నేర్పరులకే విడువవలయును. యంత్రము పి 0335 అను సంఖ్యను చూపినచో ఇంజను భ్రమణమును తెలుపు సెన్సారు మార్గమున లోపమున్నదని మాత్రమే యర్థము. సెన్సారు చెడియుండవచ్చును, తీగె తెగియుండవచ్చును. సంఖ్యను చూచి వెంటనే వస్తువును మార్చుట ఊహయే గాని పరీక్ష కాదు.

ఊహచేత నేడు కాయిలు, రేపు ప్లగ్గులు, ఎల్లుండి పంపు కొనిపించినచో టాక్సీ నడుపువాని కూలి యంతయు కరగిపోవును, దోషము మాత్రము నిలిచియుండును. అంతకన్న పెద్దది ప్రాణభయము. ఇంజను ఆగినచో బ్రేకునకు తోడ్పడు శక్తి రెండు మూడు త్రొక్కులతో తీరిపోవును, స్టీరింగు బరువెక్కును. అట్టి వేళ బ్రేకును మాటిమాటికి వదలక గట్టిగా త్రొక్కి, బండిని ప్రక్కకు చేర్చవలయును. రైలు దాటు చోట ఆగినచో ముందు మనుష్యులను దింపి దూరముగా పంపవలయును. బండి సంగతి తరువాత.

బాలురారా, తెలిసిన దానినుండి తెలియని దానికి ఒక్కొక్క మెట్టుగా పోవుటయే శాస్త్రము. ఆ క్రమము ప్రయోగశాలయందెంత యవసరమో, ఎండలో నిలిచిన బండి మూత యెత్తినపుడును అంతే యవసరము.