నల్లగుడ్డు పొర మార్చాక కన్ను ఎర్రబడితే...

వరి ఆకు గీరుకునో, నూర్పిళ్లలో వడ్లగింజ తగిలో నల్లగుడ్డుపై పుండు పడడం, అది మానాక పువ్వు వేసి చూపు పోవడం పల్లెల్లో కొత్త కాదు. ఇటువంటివారికి దాతల కళ్ల నుంచి సేకరించిన పొరను కుట్టి చూపు తెప్పిస్తున్నారు. ఈ ఆపరేషన్ 1905లో డాక్టర్ ఎడ్వర్డ్ జిర్మ్ చేతిలో మొదటిసారి ఫలించింది. అయితే పొర అతికినంత మాత్రాన ముప్పు తప్పినట్లు కాదు. కొందరిలో ఒక వైరస్ తలెత్తి కొత్త పొరను సైతం పాడు చేస్తుంది.

పొంచి ఉండే శత్రువు

దీని పేరు హెర్పిస్. జ్వరం వచ్చినప్పుడు మూతి పేలడానికి సాధారణంగా ఇదే కారణం. చాలామందికి చిన్నతనంలోనే సోకుతుంది. పొక్కులు మానినా వైరస్ చావదు. ముఖానికి స్పర్శనిచ్చే నరం మొదట్లో దాగి ఉంటుంది. ఆపరేషన్, జ్వరం, కొత్త పొరను శరీరం కాదనకుండా వేసే స్టెరాయిడ్ చుక్కలు దానిని మళ్లీ లేపవచ్చు. మొదట పువ్వు వేసింది ఈ వైరస్ వల్లే అయితే ప్రమాదం మరీ ఎక్కువ.

తేడా ఇంట్లో తెలియదు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కొత్త పొరను శరీరం ఒప్పుకోకపోయినా కన్ను ఎర్రబడి, నీరు కారి, చూపు మసకబారుతుంది. వైరస్ వచ్చినా అంతే. మొదటిదానికి స్టెరాయిడ్ చుక్కలు పెంచాలి. వైరస్ పుండుకు అవే చుక్కలు వేస్తే నిప్పులో నెయ్యి పోసినట్లే. వైద్యులు కంట్లో రంగుమందు వేసి నీలి వెలుగులో పరీక్షిస్తే చెట్టుకొమ్మ ఆకారంలో పుండు బయటపడుతుంది. మార్చిన పొరలో నరాలు తెగి ఉంటాయి కనుక నొప్పి అంతగా తెలియకపోవచ్చు. నొప్పి లేదు కదా అని ఊరుకోరాదు.

మందు ఉంది

ఈ వైరస్‌కు ఎసైక్లోవిర్ అనే మందు ఉంది. కంటికి హెర్పిస్ వచ్చి తగ్గిన 703 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 1998లో అమెరికాలో వెలువడ్డాయి. ఏడాదిపాటు ఈ మాత్రలు వాడిన వారిలో నూటికి 19 మందికి, వాడనివారిలో నూటికి 32 మందికి వ్యాధి తిరగబెట్టింది. అందుకే గతంలో ఈ జబ్బు వచ్చినవారికి పొర మార్చాక నెలల తరబడి మాత్రలు ఇస్తారు.

కనుక ఆపరేషన్‌కు ముందే పాత కంటి జబ్బు సంగతి వైద్యునికి చెప్పాలి. చుక్కలు సొంతంగా పెంచరాదు, మానరాదు. కన్ను ఎర్రబడిన రోజే ఆసుపత్రికి వెళ్లాలి. బస్సు చార్జీకి వెనుకాడి పాత సీసాలోని చుక్కలు వేసుకుంటే, దాత ఇచ్చిన చూపు మళ్లీ చేజారుతుంది.