బావినీటికి సున్నపు మందు



మా మంగళగిరివంటి నేతయూళ్లలో నూలు చలువచేయుట చూచినవారికి బ్లీచింగు పౌడరు ఘాటు క్రొత్తగాదు. వానకాలమున బావులకు వేయునదియు నదియే.

దీని మూలము క్లోరిను. ఆకుపసుపు వన్నెగల యీ విషవాయువును 1774లో షీలే కనుగొనెను. స్కాట్లాండు దేశీయుడు చార్లెస్ టెనాంటు దానిని, నీళ్లు చల్లగా విరిసిన పొడిసున్నముపై ప్రసరింపజేసి యీ పొడిని చేయు విధానమునకు 1799లో హక్కుపత్రము పొందెను. సున్నమున కట్టువడిన విషము నీట విడివడి క్రిములను చంపును.

1000 లీటర్ల తేటనీటికి మేలైన పొడి 2.5 గ్రాములు చాలును. దానిని బొక్కెనలో ముద్దగా కలిపి, నీరు పోసి, పదినిమిషములు తేరనిండు. అడుగు సున్నమును విడిచి, పైతేటను మాత్రమే బావిలో కలియబెట్టుడు. పిదప గంటసేపు నీరు తోడకుడు.

తేమ తగిలిన పొడి నిస్సారము. ఒకమారు నేనే మూతలేని డబ్బాలోని పాతపొడిని వేయించి నిశ్చింతగా నుంటిని. దానికి ఘాటు లేదని పిమ్మటగాని తోచలేదు!

మరొక హెచ్చరిక: మరుగుదొడ్లు కడుగు యాసిడుతో దీనిని కలిపితిరా, కట్టువడిన విషవాయువు మరల వెలువడి ప్రాణము దీయును. ఈ మాట ఇంటింట చెప్పుడు.