మీవారికి పరీక్ష చేయించారా?

"ఏమ్మా, ఏమైనా విశేషమా?"

పెళ్లయి ఏడాది తిరిగేసరికి ఇండియా నుంచి వచ్చే ప్రతి ఫోనూ ఈ ప్రశ్న దగ్గరికే వచ్చేది. పరాయి దేశంలో ఉంటున్న మనలో చాలామందికి ఇది కొత్త కాదు. ఒక్క సంగతి గమనించారా? ఆ ప్రశ్న ఎప్పుడూ మననే అడుగుతారు. మావారిని ఎవరైనా అలా అడగగా నేను వినలేదు.

ఈ విషయం రాయడానికి చాలాకాలం వెనకాడాను. చివరికి మావారే, "రాయి. మనలాగా ఇంకొకరు రెండేళ్లు పోగొట్టుకోకూడదు" అన్నారు. నేను డాక్టర్ని కాను. బీఎస్సీ చదివి, డిపెండెంట్ వీసా మీద డాలస్ వచ్చి, ఇల్లు చూసుకుంటున్న మామూలు గృహిణిని. మాకు జరిగింది, ఆ తర్వాత చదివీ డాక్టర్లను అడిగీ తెలుసుకున్నదీ మీతో పంచుకుంటున్నాను.

పరీక్షలన్నీ నాకే

ఏడాది ప్రయత్నించాక గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను. థైరాయిడ్, హార్మోన్లు, స్కానింగ్‌లు అన్నీ అయ్యాయి. గర్భాశయంలోకి రంగుమందు పంపి ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో ఎక్స్‌రే తీస్తారే, ఆ పరీక్ష రోజు కళ్లవెంట నీళ్లు ఆగలేదు. రిపోర్టులన్నీ బాగానే వచ్చాయి. అయినా అండం సరిగ్గా విడుదల కావడానికని ఆరు నెలలు క్లోమిఫిన్ మాత్రలు మింగాను.

అక్కడ అత్తయ్యగారు నాగప్రతిష్ఠ మొక్కుకున్నారు. ఇక్కడ నేను శనివారాలు ఉపవాసాలు. ఎవరింట్లో సీమంతమన్నా ఏదో ఒక వంక చెప్పి మానేసేదాన్ని.

రెండేళ్లు గడిచాక ఇల్లు మారి కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ నా ఫైలంతా తిరగేసి, "అన్నీ ఉన్నాయి, మీవారి వీర్య పరీక్ష రిపోర్టు ఏది?" అని అడిగింది. మేమిద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అప్పటిదాకా మమ్మల్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు. సైన్సు చదివిన నాకూ తట్టలేదు.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి సమస్య కూడా ఒక కారణంగా ఉంటుంది. కొందరిలో అదొక్కటే కారణం. అందుకే ఇద్దరికీ ఒకేసారి పరీక్షలు మొదలుపెట్టాలంటారు. మీ వయసు 35 లోపైతే ఏడాది, 35 దాటితే ఆరు నెలలు ప్రయత్నించాక ఆలస్యం చేయకుండా డాక్టర్ని కలవాలి.

ఆ పరీక్ష ఎంత తేలికంటే

సూది లేదు, నొప్పి లేదు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి శాంపిల్ ఇవ్వాలి. ల్యాబ్‌లో ఇవ్వడానికి ఇబ్బందైతే ఇంటి దగ్గరే తీసి, చల్లబడకుండా ఒంటికి దగ్గరగా పెట్టుకుని గంటలోపు అందించవచ్చు. ఇంత తేలికైన దానికి మావారు నాలుగు నెలలు వాయిదా వేశారు. "నాకేం, బాగానే ఉన్నాగా" అనేవారు. అది మొండితనం అనుకున్నాను. భయమని తర్వాత తెలిసింది.

రిపోర్టు చేతికొచ్చాక అంకెలు చూసి కంగారు పడకుండా ఇవి తెలుసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస ప్రమాణాల ప్రకారం వీర్యం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, వాటిలో కదిలేవి 42 శాతం, సరైన ఆకారంలో ఉన్నవి 4 శాతం ఉండాలి. అవును, నాలుగే. "96 శాతం బాగాలేవట" అని ఏడ్చిన స్నేహితురాలిని చూశాను, అందుకే చెబుతున్నాను. ఇవి పాసు మార్కులూ కావు. ఇంతకన్నా తక్కువున్నా తండ్రులైనవారున్నారు, ఎక్కువున్నా కానివారున్నారు. ఒక్క రిపోర్టుతో తేల్చేయకుండా కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించాలి.

మావారికి 40 లక్షలు వచ్చింది. రెండోసారీ అంతే.

కారణం మా బాత్రూం అలమరాలోనే

గైనకాలజిస్ట్ మగవారిని పరీక్షించరు. యూరాలజిస్ట్‌ల్లో మగవారి సంతాన సమస్యలు చూసేవారి దగ్గరికి వెళ్లాలి. ఆ డాక్టర్ మొదట అడిగింది, "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని.

మేం ప్రయత్నం మొదలుపెట్టిన కొత్తలోనే మావారు నీరసంగా ఉంటోందని ఒక క్లినిక్‌కి వెళ్లారు. టెస్టోస్టిరాన్ తక్కువుందని అక్కడ భుజానికి రాసుకునే జెల్ ఇచ్చారు. పిల్లల కోసం చూస్తున్నారా అని అడగలేదు, మేమూ చెప్పలేదు. మగతనపు హార్మోనే కదా, మంచిదే అనుకున్నాం.

అసలు జరిగేది దానికి విరుద్ధం. బయటినుంచి టెస్టోస్టిరాన్ వస్తుంటే, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి "ఒంట్లో చాలినంత ఉందిలే" అనుకుని వృషణాలకు సంకేతాలు పంపడం తగ్గించేస్తుంది. దాంతో కణాల తయారీ పడిపోతుంది. కొందరిలో పూర్తిగా ఆగిపోతుంది. జిమ్‌లో కండల కోసం తీసుకునే స్టెరాయిడ్ ఇంజెక్షన్లూ చేసేది ఇదే. మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి. సొంతంగా మానేయకుండా వారు చెప్పిన పద్ధతిలో ఆపించండి.

మిగతా కారణాలు

ఎక్కువగా కనబడేది వేరికోసీల్. కాళ్లలో నరాలు ఉబ్బినట్టే వృషణాల పైన సిరలు ఉబ్బుతాయి. మామూలు మగవారిలో 15 శాతం మందికి ఉంటుంది. సంతాన సమస్యతో వచ్చేవారిలో సుమారు 40 శాతం మందికి కనబడుతుంది. చాలామందికి నొప్పే ఉండదు, డాక్టర్ చేత్తో చూసి చెబుతారు.

వృషణాలు ఒంటికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే సరిగ్గా పనిచేస్తాయి. గంటల తరబడి ఒడిలో ల్యాప్‌టాప్, రోజూ హాట్‌టబ్, బిగుతు దుస్తులు మంచివి కావు. సిగరెట్, అతిగా మద్యం, ఊబకాయం, అదుపులో లేని షుగర్ కూడా దెబ్బతీస్తాయి. పెద్దయ్యాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచినా, చిన్నప్పుడు వృషణం కిందికి దిగకపోయినా, సుఖవ్యాధులు వచ్చినా, క్యాన్సర్ చికిత్స జరిగినా డాక్టర్‌కి తప్పక చెప్పాలి.

వీర్యంలో కణాలే లేకపోతే రెండు సంగతులు చూస్తారు. తయారవుతున్నా దారి మూసుకుపోయిందా, లేక తయారీయే లేదా? కొందరిలో ఇది జన్యువుల వల్ల వస్తుంది. చికిత్సకు ముందు ఆ పరీక్షలు చేయించుకోవడం మంచిది. ఆ లోపం పుట్టబోయే పిల్లలకూ రావచ్చు.

చికిత్సలు ఏమున్నాయి?

ముందు గుర్తుంచుకోవలసింది: ఒక వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది. ఈరోజు మార్చుకున్న అలవాటు ఫలితం మూడు నెలల తర్వాతి రిపోర్టులో కనిపిస్తుంది. పెద్ద జ్వరం వచ్చి తగ్గినా అంతే, కొన్నాళ్లు కౌంట్ పడిపోయి మళ్లీ కోలుకుంటుంది. నాలుగు వారాల సెలవులో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చూపించుకుందాం అనుకునేవారు పరీక్ష ఇక్కడే చేయించి, మందులు ఇక్కడే మొదలుపెట్టి వెళ్తే సమయం కలిసొస్తుంది.

వేరికోసీల్ పెద్దదై, కౌంట్ తక్కువుంటే చిన్న ఆపరేషన్ చేస్తారు. పిట్యూటరీ సంకేతాలు లేనివారికి హార్మోన్ ఇంజెక్షన్లు బాగా పనిచేస్తాయి. లోపం కొద్దిదైతే, శుభ్రం చేసిన వీర్యాన్ని నేరుగా గర్భాశయంలో ఉంచే ఐయూఐ చేస్తారు. కణాలు మరీ తక్కువైతే ఐవీఎఫ్‌లోనే ఇక్సీ అనే పద్ధతి ఉంది. ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని సన్నని సూదితో పంపుతారు. 1992లో బెల్జియంలోని బ్రసెల్స్ డాక్టర్లు దీన్ని ప్రపంచానికి తెలియజేశారు. వీర్యంలో కణాలు లేకపోయినా వృషణం నుంచే వెతికి తీసి ఇక్సీ చేయవచ్చు. అందరికీ దొరుకుతాయని మాత్రం చెప్పలేం. అప్పుడు దాత వీర్యం, దత్తత అనే దారులున్నాయి. అవి ఇద్దరూ కూర్చుని మనసు విప్పి మాట్లాడుకుని తేల్చుకోవలసినవి.

కౌంట్ పెంచుతామనే పొడులు, మాత్రల ప్రకటనలు నమ్మి డబ్బు పోయకండి. ఫోలిక్ యాసిడ్, జింక్ మగవారికిచ్చి అమెరికాలో 2,370 జంటలపై చేసిన పరిశోధన ఫలితం 2020లో వచ్చింది. వాటివల్ల పిల్లలు పుట్టడమేమీ పెరగలేదు.

ఇక అమెరికాలో ఇన్సూరెన్స్ సంగతి. పరీక్షలకు ఇస్తారా, చికిత్సకు ఇస్తారా అని విడివిడిగా అడగండి. చాలా ప్లాన్లు మొదటిది ఇచ్చి రెండోది ఇవ్వవు.

ఆ ఫోన్ కాల్

మావారికి జెల్ ఆపించి, క్లోమిఫిన్ రాశారు. అవును, నేను ఆరు నెలలు మింగిన మాత్రే. ఆడవారిలో అండం కోసం ఇచ్చే ఆ మందు మగవారిలో సొంత టెస్టోస్టిరాన్ తయారీని లేపుతుందట. ఫార్మసీ నుంచి అదే సీసా మావారి పేరుతో వచ్చినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎనిమిది నెలలకు కౌంట్ 1.9 కోట్లకు వచ్చింది. రెండో ఐయూఐలో మా పాప కడుపున పడింది. ఇప్పుడు దానికి ఏడేళ్లు.

కానీ నాకు అంతకన్నా గుర్తుండిపోయింది మొదటి రిపోర్టు వచ్చిన ఆదివారం. ఎప్పటిలాగే అత్తయ్యగారు ఫోన్ చేసి విశేషం అడిగారు. మావారు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "అమ్మా, తనలో ఏ లోపమూ లేదు. సమస్య నాది. మందులు వాడుతున్నాను" అన్నారు. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత "అమ్మాయికి ఇవ్వు" అన్నారు.

"భోంచేశావా అమ్మా?" అని మాత్రం అడిగారు నన్ను. ఆ తర్వాత ఎప్పుడూ విశేషం అడగలేదు.

మీవారు ఇంకా పరీక్షకు ఒప్పుకోకపోతే దెప్పకండి, పోట్లాడకండి. "నా పరీక్షలకు నువ్వు తోడొచ్చావు, నీ పరీక్షకు నేను తోడొస్తాను" అని చెప్పి చూడండి. మా ఇంట్లో చివరికి పనిచేసిన మాట అదే.