ఒంటిగది ఇళ్లు, మరణాల లెక్కలు: బొంబాయి, 1896–1921

వెయ్యి మంది జనాభాకు ఒక ఏడాదిలో ఎంతమంది చనిపోయారో తెలిపే సంఖ్యను మరణాల రేటు అంటారు. చావుల సంఖ్య మునిసిపాలిటీ రిజిస్టరు నుంచీ, జనాభా సంఖ్య జనగణన నుంచీ వస్తాయి కనుక వీటిలో ఏది తప్పినా రేటు తప్పుతుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో బొంబాయి పేదల వాడలను ఏ జబ్బులు ఎంతగా పీడించాయో తెలుసుకోవాలంటే ముందుగా ఈ మెలకువ అవసరం.

1896 సెప్టెంబరులో, రేవు పక్కన ధాన్యపు గోదాములతో కిక్కిరిసిన మాండ్వీ ప్రాంతంలో డాక్టర్ అకాసియో వీగస్ ప్లేగును గుర్తించారు. గజ్జల్లో, చంకల్లో బిళ్లలు కట్టి, తీవ్రమైన జ్వరంతో కొద్ది రోజుల్లోనే ప్రాణం తీసే ఈ జబ్బును, ఎలుకల నెత్తురు తాగి బతికే చిన్న పురుగులే మనుషులకు అంటిస్తాయని 1898లో పాల్ లూయీ సిమోండ్ అనే వైద్యుడు చెప్పగా, తర్వాతి ఏళ్లలో బొంబాయి పరిశోధకులు దానిని ధ్రువపరిచారు. ప్లేగు భయంతో జనం సొంత ఊళ్లకు తరలిపోతున్న రోజుల్లో జరిగిన 1901 జనగణన నగర జనాభాను 7,76,006గా చూపింది; 1906లో నగరంలో విడిగా జరిపిన లెక్కలో అది 9,77,822కు చేరింది. చావులను చిన్న సంఖ్యతో భాగిస్తే రేటు సహజంగానే పెరుగుతుంది.

ఇలా వచ్చిపోయేవారే ఆ నగరానికి శ్రమశక్తి. కొంకణం నుంచి వచ్చిన మిల్లు కార్మికులు, నిజాం రాజ్యం నుంచి కట్టడపు పనులకు వలస వెళ్లి కామాఠీపురకు తమ పేరునిచ్చిన తెలుగు కూలీలు అటువంటివారే. పొడవాటి వరండా వెంట వరుసగా గదులుండే చాల్ అనే కట్టడాల్లో ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువమంది తలదాచుకునేవారు.

1918 ఇన్‌ఫ్లూయెంజాలో, అక్టోబరు 6న ఒక్కరోజే నగరంలో 768 మరణాలు నమోదయ్యాయి. ఆ జబ్బుతో నగరంలోని ఐరోపావారిలో వెయ్యికి సుమారు 8 మంది చనిపోగా, అణగారిన కులాల హిందువులలో 61 మందికి పైగా చనిపోయారు. గాలిలో వ్యాపించే జబ్బు ఒకటే అయినా, ఇరుకు, పస్తులు, వైద్యం అందకపోవడం దాని కాటును ఇన్ని రెట్లు చేశాయి.

1921 నాటి శిశు మరణాల రేటు, అంటే నమోదైన వెయ్యి జననాలకు ఏడాది నిండకముందే చనిపోయిన పిల్లల సంఖ్య, ఒంటిగది ఇళ్లలో 828గానూ, నాలుగు లేదా అంతకుమించి గదులున్న ఇళ్లలో 133గానూ నమోదైంది. పురుటికి పుట్టింటికి వెళ్లి, పసిబిడ్డతో తిరిగివచ్చే తల్లులు ఎందరో ఉండడంతో పుట్టుక పల్లెలో, చావు నగరంలో నమోదై మొదటి సంఖ్యను నిజానికి మించి పెంచిన మాట వాస్తవమే. ఎంత తగ్గించి చూసినా, ఆ రెండు ఇళ్ల మధ్య దూరం మాత్రం చెరిగిపోదు.

1898లో ఏర్పడిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు వీధులను వెడల్పు చేసి మురికి ఇళ్లను కూల్చింది గానీ, తొలి ఏళ్లలో కూల్చినన్ని కట్టలేకపోవడంతో నిలువనీడ కోల్పోయినవారు పక్క చాల్‌లలోకే చేరి అక్కడి ఇరుకును పెంచారు. ప్లేగుకు 1897లోనే బొంబాయిలో హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త టీకా తయారుచేశాడు. గాలీ వెలుతురూ రాని గదిలో ఒకరి దగ్గు నుంచి మరొకరికి పాకే క్షయకు మాత్రం ఆనాడు మందే లేదు, ఆ కుటుంబాలకు ఇంకొక గదీ లేదు.