తుప్పుపట్టిన బొగ్గుల పొయ్యికి ఇంటి మరమ్మతు

మాంసాన్నీ మక్క కంకులనూ కాల్చుకోవడానికి ఆరుబయట ఉంచే ఇనుప బొగ్గుల పొయ్యి, అంటే ఇప్పుడు బార్బెక్యూ గ్రిల్ పేరుతో దుకాణాల్లో దొరికే పరికరం, సాధారణంగా నిప్పు వేడి కన్నా వాన తడికే ముందుగా పాడవుతుంది. భువనగిరి వంటి ఊళ్లలో దీనిని డాబా మీదో పెరట్లోనో వాడి చల్లారిన బూడిదను అందులోనే వదిలేస్తే, జూన్‌లో వానలు మొదలయ్యాక ఆ బూడిద నీటిని పీల్చుకొని రేకును రోజుల తరబడి తడిగా ఉంచుతుంది. మసాలా నుంచి కారిన ఉప్పు ఆ తడిలో కరిగి, ఇనుము తుప్పుగా మారడాన్ని మరింత వేగిరపరుస్తుంది. పక్క గోడలు గట్టిగా ఉండగానే తొట్టి అడుగు చిల్లులు పడటానికి కారణం ఇదే.

మరమ్మతుకు ముందు బూడిదను పూర్తిగా తీసి, వైర్ బ్రష్‌తో రుద్ది, స్క్రూడ్రైవర్ మొనతో అడుగును అంతటా నొక్కి చూడాలి. తుప్పు పొరలుగా రాలి కింద గట్టి లోహం తగిలితే రేకు ఇంకా పనికివస్తుంది. మొన లోపలికి దిగిపోతే ఆ భాగాన్ని కత్తిరించి, దానికన్నా పెద్దదైన కొత్త రేకు ముక్కను బోల్టులతో బిగించాలి. ఈ ముక్క పూతలేని ఇనుప రేకే కావాలి. తుప్పు పట్టదన్న నమ్మకంతో చాలామంది ఎంచుకునే జి.ఐ. రేకు, అంటే జింకు పూత పూసిన రేకు, ఇక్కడ ప్రమాదకరం. జింకు దాదాపు 420 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి 907 డిగ్రీల వద్ద ఆవిరవుతుంది గనుక, రాజుకున్న బొగ్గుల వేడికి వెలువడే దాని పొగ పీల్చినవారికి చలిజ్వరం రావచ్చు.

కొత్త అడుగు మీద రెండు వేళ్ల మందాన మట్టి మెత్తితే నిప్పు రేకుకు నేరుగా తగలదు. పుట్టమన్నులో వరి ఊక కలిపి మెత్తడం పల్లెల్లో పొయ్యిలు వేసే స్త్రీలకు తరతరాలుగా తెలిసిన విద్య. ఆరేటప్పుడు బంకమన్ను కుంచించుకుపోతుంది, ఆ లాగుడుకు పగుళ్లు బారకుండా ఊక దానిని పట్టి ఉంచుతుంది. గాలి రంధ్రాలు మూసుకుపోకుండా మెత్తి, నీడలో బాగా ఆరనిచ్చి, తొలి మంటను చిన్నగా వెలిగించాలి.

భువనగిరిలో చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరుతో ముడిపడిన కోట నిలిచిన ఏకశిల గుట్ట పరిసరాల్లో గ్రానైట్‌కు కొదువ లేదు కనుక, విరిగిన తొట్టి స్థానంలో రాతి ముక్కలు పేర్చాలన్న ఆలోచన ఇక్కడ సహజంగానే కలుగుతుంది. అయితే గ్రానైట్‌లోని క్వార్ట్జ్ అనే ఖనిజం 573 డిగ్రీల వద్ద తన స్ఫటిక నిర్మాణాన్ని మార్చుకొని ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, దానితో రాయి పగిలి పెచ్చులు ఎగురుతాయి. బండ మీద మంట వేసి పలకలు లేపే పాత పద్ధతి దక్షిణ భారత రాతి పనివారికి తెలిసినదే. హైదరాబాదు పత్థర్ కా గోష్త్‌కు గ్రానైట్ పలకనే వాడతారు గానీ, మాంసం వేగడానికి కావలసిన వేడి ఈ హద్దుకు చాలా దిగువనే ఉంటుంది. సిమెంటు కూడా వేడికి తనలోని నీటిని కోల్పోయి పొడిగా రాలుతుంది. ఇటుకలతో కట్టేవారు కొలిమి ఇటుకలను, అగ్నిమట్టిని వాడటమే మేలు.

మాంసాన్ని పేర్చే పై జాలీ విషయం తేలిక: తుప్పు తీసి, పలుచగా వంటనూనె రాసి వేడిచేస్తే నూనె గట్టిపడి కాపుగా నిలుస్తుంది. బ్రష్ నుంచి ఊడిన తీగముక్కలు ఆహారంలో కలవకుండా తడిగుడ్డతో తుడవడం మాత్రం తప్పనిసరి. వేడిని తట్టుకొనే రంగును వెలుపలి వైపే వేయాలి.

మరమ్మతు పూర్తయిన పొయ్యిని వాన కురుస్తున్నా సరే గదిలోకి తెచ్చి వెలిగించకూడదు. బొగ్గుల నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, మూసిన గదిలో అది ప్రాణాలు తీస్తుంది.